పళ్ళు లేని రోడ్డు

లా నెబ్లీనా మలుపు,
ఏప్రిల్ 9, 1996

ఒరే ఎలియేసర్,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు నేను కేకేస్తే వినపడే దూరంలోనే ఉన్నావు. ఇప్పుడు అక్క గొంతు కొండలు దాటి మనిసాలెస్ జైలు దాకా రావాలంటే స్టాంపు అంటించాల్సి వస్తోంది.

ఓదార్పు మాటలు రాయను. వాటికి ఫాదరు గారున్నారు.

పోలీసుల కాగితం లాయరమ్మ పావూలినా నాకు చదివి వినిపించింది. ప్రభుత్వం ఊరికే ఇచ్చిన లాయరు కదా, ఎలా ఉంటుందో అనుకున్నాను. పిల్ల గట్టిదే. కాగితంలో "డ్రైవరు అతివేగం, అజాగ్రత్త" అని ఉంది. నూబియా టీచరు పోయింది, కాఫీ కోతకు వెళ్తున్న హెర్నాన్ పోయాడు, పదకొండు మందికి ఎముకలు విరిగాయి. ఇంతటికీ కలిపి మూడు మాటలు. రాసినవాడు రెండు గంటల తర్వాత వచ్చాడు. నేను కొట్టులో పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరగబెడుతూ రోడ్డుకు ఎదురుగానే ఉన్నాను. మార్చి పద్నాలుగు మధ్యాహ్నం, వాన మొదలై పావుగంట కూడా కాలేదు. పవిత్రవారంలో మేరీమాత విగ్రహాన్ని మోసుకొచ్చినంత నెమ్మదిగా వచ్చావు నువ్వు. ఉన్నట్టుండి బస్సు వెనకభాగం పక్కకు తిరిగింది. మిగిలింది నీకు తెలుసు.

ఫిబ్రవరిలో కాంట్రాక్టరు కొత్త తారు పోసి వెళ్ళాడు గదా, అద్దంలా మెరుస్తోందని మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ అద్దం మీద అప్పటి నుంచీ వాన పడ్డప్పుడల్లా ఏదో ఒకటి జారుతూనే ఉంది. అరటి గెలల లారీ, పాల బండి, నిన్న ఫాదరు గారి మోటారుసైకిలు. ఒక నోటుబుక్కు కొన్నాను. తేదీ, బండి, వాన ఎప్పుడు మొదలైంది, టైర్లు ఎలా ఉన్నాయి, అన్నీ రాస్తున్నాను. ఇప్పటికి ఏడు. లాయరమ్మతో కూడా చెప్పాను: "మా వాడి బస్సుకి కొత్త సంవత్సరానికే కొత్త టైర్లేశారు, వాడి తప్పేం లేదు" అని.

కొట్టు బాగానే సాగుతోంది. ముందు కిటికీ అద్దం తీసేశాను, గాలి బాగా వస్తోంది.

నీ అక్క,
ఒతీలియా


జిల్లా జైలు, మనిసాలెస్,
ఏప్రిల్ 27

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ పరవాలేదు. పొద్దున మొక్కజొన్న రొట్టె, మధ్యాహ్నం బీన్సూ అన్నం. నీ చేతి బీన్సు కావు గానీ తినవచ్చు. మా గదిలో ఒక దర్జీ, ఇద్దరు పశువుల వ్యాపారులు ఉన్నారు. నన్ను "షోఫరూ" అని పిలుస్తారు.

ఆ నోటుబుక్కు మూసెయ్యి. వానని బోనులో నిలబెట్టలేం. రోడ్డుని జైల్లో వెయ్యరు. చక్రం పట్టుకున్నది నేను. చనిపోయినవాళ్ళ ఇళ్ళు నీ కొట్టుకు అరకిలోమీటరు దూరంలో ఉన్నాయి, నువ్వు రోజూ వాళ్ళ ముఖాలు చూడాలి. వాళ్ళ ముందు కూర్చుని బండ్లు లెక్కపెడుతుంటే వాళ్ళకెలా ఉంటుందో ఆలోచించావా?

టైర్ల సంగతి నీకెందుకు? తెలియని విషయాలు లాయరమ్మతో మాట్లాడకు.

ఉన్ని సాక్సులు పంపు. ఇక్కడ నేల చలి.

ఎలియేసర్


లా నెబ్లీనా మలుపు,
జూన్ 16

ఒరే,

సాక్సులు పంపాను. నోటుబుక్కు మాత్రం మూయను. పదమూడు అయ్యాయి.

ఇంకో మాట విను. డాన్ ప్రోస్పెరో నీకు గుర్తున్నాడు కదా, ముప్పై ఏళ్ళు ఈ రోడ్డు మీద గుంతలు పూడ్చి, కాలవలు తీసినాయన. ప్రభుత్వం రోడ్డు కూలీలందర్నీ ఇంటికి పంపేసి కాంట్రాక్టరుకు అప్పజెప్పాక ఊళ్ళో ఆయన్ని పలకరించేవాళ్ళే లేరు. ఆదివారం ప్రార్థన అయ్యాక కొట్టుకొచ్చాడు. చాక్లెట్ కలిపి ఇచ్చాను. తాగకుండా మలుపు కేసే చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఈ రోడ్డుకి పళ్ళు లేవు" అన్నాడు.

"రోడ్డుకి పళ్ళేంటి తాతా, చాక్లెట్ చల్లారిపోతోంది తాగు" అన్నాను.

"నవ్వకు. మేం రాయిని పగలగొట్టి వేసేవాళ్ళం. పగిలిన రాయికి అంచులుంటాయి. వాన పడితే నీళ్ళు సందుల్లోకి దిగిపోతాయి, అంచులు టైరుని కొరికి పట్టుకుంటాయి. వీళ్ళు నదిలో గులకరాళ్ళు తెచ్చిపోశారు. ఊరికే దొరికాయి గదా! గులకరాయికి చిగుళ్ళే గానీ పళ్ళుండవు. పైన తారు ఎక్కువ పోశారు, అది ఎండకి పైకి తేలింది. ఇక నీళ్ళెక్కడికి పోతాయి? పైనే నిలబడతాయి. మొదటి పావుగంటలో దుమ్మూ నూనే కలిసి సబ్బునురగ అవుతుంది. టైరు రోడ్డుని తాకదు, నీళ్ళ మీద పడవలా తేలుతుంది."

"ఇదంతా జడ్జీ గారికి ఎలా చూపించను?"

"కప్పుడు ఇసుకుందా?"

సన్నని ఇసుక జల్లించి ఆరబెట్టాం. చిన్న కాఫీ కప్పు నిండా తీసుకుని రోడ్డు మీద కుప్పగా పోశాడు. రొట్టెలు ఒత్తే చెక్కతో గుండ్రంగా రుద్దుతూ, ఇక ఇసుక పరుచుకోనంత వరకు పరిచాడు. ఇసుక రోడ్డు సందుల్లోకి దిగుతుందట. సందులు లోతుగా ఉంటే వృత్తం చిన్నదవుతుంది, సందులే లేకపోతే పెద్దదవుతుంది. ఇక్కడి వాగు వంతెన అవతల ఆయన చేతులతో వేసిన పాత రోడ్డు మీద వృత్తం వెడల్పు జానెడు కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ. మన మలుపులో రెండున్నర జానలు! అదే కప్పు, అదే ఇసుక. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చునే నా వంక చూశాడు. ఆయన కళ్ళల్లో ఆ వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో.

మర్నాడు సున్నం కలిపి మలుపుకు వంద గజాల ముందు నిలువెత్తు అక్షరాలతో రాశాను: "తడిస్తే జారుతుంది. నడక వేగంతో పో." పోలీసులు వచ్చి ప్రభుత్వ రోడ్డు మీద రాతలు నేరమన్నారు. "ప్రభుత్వ రోడ్డు మీద చావడం నేరం కాదా?" అన్నాను. ఒక పూట స్టేషన్లో కూర్చోబెట్టారు. వాళ్ళ కాఫీ పరమ దరిద్రంగా ఉంది, ఆ మాట మొహం మీదే చెప్పాను. బయటికొచ్చి మళ్ళీ రాశాను. ఈసారి సున్నంలో ఉప్పు కలిపాను, తొందరగా పోదు.

ఒతీలియా


జిల్లా జైలు, మనిసాలెస్,
ఆగస్టు 4

అక్కా,

పాల బండి తోలే రూబిరో నన్ను చూడ్డానికి వచ్చాడు. కిటికీ అద్దం నువ్వు తీసెయ్యలేదట. నూబియా టీచరు భర్త ఆర్సేసియో రాయి విసిరాడట. నడిరోడ్డు మీద అందరి ముందూ నీ కాళ్ళ దగ్గర ఉమ్మాడట. గాలి కోసం తీశానని ఎంత తేలిగ్గా రాశావు! ఇంకా ఏమేం దాస్తున్నావు?

ఆయన్ని ఏమీ అనకు. నేనైతే రాయితో ఆగేవాణ్ణి కాదు.

సున్నం మానెయ్యి. డిసెంబరుకి నేను ఇంట్లో ఉంటాను. పండక్కి జున్ను బూరెలు వేసి ఉంచు. ఎలా వస్తున్నావని అడగకు. అన్నీ కుదిరాయి.

ఎలియేసర్


లా నెబ్లీనా మలుపు,
ఆగస్టు 30

ఎలియేసర్,

అడగకు అన్నావు కాబట్టి నేరుగా వెళ్ళి లాయరమ్మనే అడిగాను. ఆ పిల్ల ముందు చెప్పనంది. నేను కుర్చీలోంచి లేవనన్నాను. మధ్యాహ్నానికి చెప్పింది.

అతివేగంగా నడిపానని ఒప్పుకుని సంతకం పెడతావట. ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారట, పండగలోపు వదిలేస్తారట. విచారణ ఉండదు, సాక్షులుండరు, నా నోటుబుక్కు ఎవరూ తెరవరు. కాంట్రాక్టరు చేతులు దులుపుకుని ఇంకో కొండకు పోతాడు.

సిగ్గుందట్రా నీకు? చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కోడి పోతే, నువ్వు తీయకపోయినా నాన్న చేతిలో బెల్టు చూసి "నేనే తీశాను" అన్నావు. దెబ్బలు తొందరగా అయిపోతాయని! ఇప్పటికీ అదే బుద్ధి. ఇక్కడ పోయింది కోడి కాదు. నువ్వు "వేగంగా వెళ్ళాను" అని సంతకం పెట్టిన రోజు ఆ రోడ్డు మంచిదని సంతకం పెట్టినట్టే. తర్వాత జారే బస్సులో ఎవరుంటారో నీకు తెలుసా? బడి పిల్లలందరూ ఈ దారినే పోతారు.

పందొమ్మిది అయ్యాయి. అందులో ఆరు బండ్లకు సరికొత్త టైర్లు. చేత్తో తడిమి చూశాను.

నువ్వెంత వేగంతో వచ్చావో నేను కళ్ళారా చూశాను. నా కళ్ళు అబద్ధమని నువ్వు రాసిస్తే, బూరెలు కాదు గదా, నా గడప కూడా నీకు దొరకదు. విను: ఆ సంతకం పెట్టి వచ్చే తమ్ముడు నాకొద్దు. ఉంటే జైల్లోనే ఉండు.

ఒతీలియా


జిల్లా జైలు, మనిసాలెస్,
సెప్టెంబరు 15

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దర్జీ పక్కనుంచి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

నేను వేగంగా వెళ్ళలేదు. ముప్పై దాటలేదు. నువ్వు చూసింది నిజం. నువ్వు చూడనిదొకటుంది.

కొత్త సంవత్సరానికి టైర్లు మార్చలేదు. మా యజమాని డాన్ లియోనిదాస్ మారుస్తానన్నాడు, నేను నీతో మార్చేశాడని చెప్పాను. నువ్వు ఊరుకోవని తెలుసు, యజమాని మీద గొడవకు వెళతావని తెలుసు, అందుకు. అతను మాత్రం "కోత అయిపోనీ, ఇంకో వారం లాగించు" అంటూ వచ్చాడు. ఆ రోజు పొద్దున బండి తీసే ముందు వెనక చక్రం మీద చెయ్యి వేసి చూశాను. గుండు గీసిన తలలా ఉంది. ఒక్క గాడి కూడా చేతికి తగల్లేదు. వాన మబ్బు కూడా పట్టింది. "ఇవాళ తియ్యను" అనవచ్చు. ఉద్యోగం పోతుందని తీశాను.

బస్సుని కాలవలోంచి లాగాక, పోలీసుల తనిఖీకి పోయేలోపు యజమాని చక్రాలు మార్పించాడట. కాబట్టి తనిఖీ కాగితంలో టైర్లు బాగున్నాయని ఉంది. వేగం అనే మాట అందరికీ సుఖంగా ఉంది, అక్కా. కాంట్రాక్టరుకూ, యజమానికీ. నాకు కూడా. వేగంగా వెళ్ళానంటే అది ఒక నిమిషం తప్పు. టైరు తడిమి చూసి కూడా బండి తీశానంటే అది తెలిసి చేసిన తప్పు. నువ్వు ఊరంతా తిరిగి "కొత్త టైర్లు, కొత్త టైర్లు" అని చెబుతున్నావని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం దిగడం లేదు.

సంతకం ఇంకా పెట్టలేదు. గడువు అక్టోబరు దాకా ఉంది. నీకేం అనిపిస్తే అది రాయి. రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

ఎలియేసర్


లా నెబ్లీనా మలుపు,
అక్టోబరు 8

ఎలియేసర్,

మూడు వారాలు నీకు రాయలేదు. రాస్తే కాగితం కాలిపోయేది.

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. నేను దేశమంతా తిరిగి చెప్పిన మాట అబద్ధం. ఆర్సేసియో ఉమ్మినప్పుడు తల ఎత్తుకుని నిలబడ్డానే, దేన్ని చూసుకుని నిలబడ్డాను? నీ మీద ఎంత కోపం వచ్చిందంటే నోటుబుక్కు పొయ్యిలో పెట్టబోయాను. అంతలో వాన మొదలైంది. అలవాటుగా బయటికి చూశాను. కూరగాయల వ్యాను ఒకటి మలుపులో గిర్రున తిరిగి, నీ బస్సు పడ్డ కాలవ అంచుకొచ్చి ఆగింది. లోపల ఒకావిడ, ఒళ్ళో కోళ్ళ బుట్ట. టైర్లు చూశాను. గాడులు వేలెడంత లోతున్నాయి.

రోడ్డు నీ టైర్ల కోసం జారడం లేదురా. అందరికీ జారుతోంది. నీ తప్పు నీదే. దాని తప్పు దానిదే. ఒకటి ఒప్పుకుంటే రెండోది మాసిపోదు.

మర్నాడు ఆర్సేసియో ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి వేసేయబోయాడు. కాలు అడ్డం పెట్టాను.

"మా వాడి టైర్లు అరిగిపోయినవి. వాడికి తెలుసు. నేను ఊరంతా అబద్ధం చెప్పాను, తెలియక చెప్పాను. ఇది ముందు నీతో చెప్పాలని వచ్చాను" అన్నాను.

తలుపు నెట్టడం ఆపాడు. తర్వాత "ఇప్పుడెందుకు చెబుతున్నావ్?" అన్నాడు.

"రెండో మాట కూడా చెప్పాలి గనక. ఈ మాట దాచుకుని ఆ మాట చెబితే దేవుడు కూడా నమ్మడు. ఆ రోడ్డు కూడా నీ భార్యని చంపింది."

"పో" అన్నాడు. వచ్చేశాను.

ఇక నీ సంగతి. సంతకం పెట్టకు. జడ్జీ గారి ముందు నిలబడి టైర్ల గురించి చెప్పు, యజమాని పేరుతో సహా చెప్పు. శిక్ష పెరిగితే పెరగనీ. నేను రోడ్డు గురించి చెబుతాను. ఇద్దరం కలిసి మొత్తం నిజం చెబుదాం. సగం నిజానికి నా కొట్టులో చోటు లేదు.

లాయరమ్మ పోరాడి నవంబరు ఆరున జడ్జీ గారు మలుపు చూడ్డానికి వచ్చేలా చేసింది. నువ్వు సంతకం పెడితే జడ్జీ గారు రారు.

అక్క


జిల్లా జైలు, మనిసాలెస్,
అక్టోబరు 17

అక్కా,

కాగితం వెనక్కి ఇచ్చేశాను. గుమాస్తా "పండక్కి ఇంటికి వెళ్ళవా ఏంటయ్యా?" అని ఆశ్చర్యపోయాడు. "మా అక్క రానివ్వదండీ" అన్నాను.

టైర్ల వాంగ్మూలం నిన్ననే ఇచ్చాను. రెండు పేజీలయింది. డాన్ లియోనిదాస్ పేరు కూడా చెప్పాను. శిక్ష రెట్టింపు కావచ్చని పావూలినా హెచ్చరించింది. రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

ఆర్సేసియో తలుపు దగ్గర నీ కాలికి దెబ్బ తగల్లేదు కదా?

ఎలియేసర్


లా నెబ్లీనా మలుపు,
నవంబరు 7

ఒరే తమ్ముడూ,

మొత్తం వరసగా చెబుతాను, కూర్చుని చదువు.

నిన్న పొద్దున తొమ్మిదికి జడ్జీ గారొచ్చారు. యాభై ఏళ్ళావిడ, రబ్బరు బూట్లు వేసుకుని మరీ వచ్చారు. గుమాస్తా టైపు మిషను నా కొట్టు బల్ల మీద పెట్టాడు. కాంట్రాక్టరు తరఫున ఇంజినీరు తెల్ల జీపులో దిగాడు. ఆకాశం చూశావా, నెలరోజుల వాన తర్వాత ఆ ఒక్క పూటే పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది! రోడ్డు ఎండి పెళపెళలాడుతోంది.

ఇంజినీరు జీపు ఎక్కి అరవై మీద వచ్చి మలుపులో బ్రేకు కొట్టాడు. టక్కున ఆగింది. దిగి, చొక్కా సర్దుకుని, "చూశారు కదండీ, రోడ్డులో లోపమేం లేదు" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "ఎండలో గొడుగు పరీక్ష చేసినట్టుంది బాబూ" అన్నాను. జనం నవ్వారు. జడ్జీ గారు నవ్వలేదు. "అమ్మా, మీరు చూపించేదేమైనా ఉందా?" అన్నారు.

డాన్ ప్రోస్పెరో ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇసుక కప్పుతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మలుపులో ఒక వృత్తం, వాగు వంతెన అవతల ఒక వృత్తం. జడ్జీ గారు స్వయంగా వంగి టేపుతో కొలిచారు. రెండోసారి కూడా కొలిచారు. ఇంజినీరు "ఇసుకతో ఆటలేంటండీ" అన్నాడు. ముసలాయన తల ఎత్తకుండా, "బాబూ, ఈ ఆట మీ కాలేజీలో కూడా నేర్పుతారు. మీరు ఆ రోజు రాలేదేమో" అన్నాడు.

నోటుబుక్కు ఇచ్చాను. ఇరవై ఆరు బండ్లు. ఆవిడ పేజీలు తిప్పి, "ఇవి మీరు రాసినవి. నేను చూసింది మాత్రం ఎండిన రోడ్డు" అన్నారు. ఆ మాట న్యాయమే. వాన కోసం ఆకాశం వంక చూశాను. ఒక్క మబ్బు లేదు.

అప్పుడు కింద నుంచి గంట వినిపించింది. మన ఊరి అగ్నిమాపక బండి. తోలుతున్నది ఆర్సేసియో! వాలంటీరు చొక్కా, హెల్మెట్టు పెట్టుకుని ఉన్నాడు. నా కొట్టు ముందు ఆపి దిగాడు. ఎవరినీ పలకరించలేదు. గొట్టం విప్పుతుంటే నేను దగ్గరికెళ్ళి నోరు తెరవబోయాను.

"నువ్వేం మాట్లాడకు. నేను నీ తమ్ముడి కోసం రాలేదు. ఈ నీళ్ళు నూబియా కోసం" అన్నాడు.

మలుపంతా తడిపాడు. నల్లగా, నున్నగా, ఆకాశం అందులో కనబడేలా మెరిసింది. జడ్జీ గారు ఇంజినీరు వైపు తిరిగి, "ఇప్పుడు ముప్పై మీద నడిపి చూపించండి" అన్నారు.

"నేనా? ఇప్పుడా?"

"మీరే కదా లోపం లేదన్నది."

"తడిగా ఉంది కదండీ, జారుతుంది!"

ఆ మాట అందరం విన్నాం. గుమాస్తా టైపు మిషను టకటకమని నాలుగు దెబ్బలు కొట్టి ఆగింది. జడ్జీ గారు "పూర్తిగా రాశావా?" అని అడిగారు. "రాశానండీ" అన్నాడు.

చివరికి ట్రాఫిక్ పోలీసు అదే జీపు తోలాడు. కొత్త టైర్లు, ముప్పై వేగం. బ్రేకు నొక్కగానే జీపు వెనక్కి తిరిగి, కాలవ అంచున మేం పేర్చిన కాఫీ పొట్టు బస్తాల్లోకి పక్కగా పోయి కూర్చుంది. పోలీసుకేం కాలేదు. దిగి శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆర్సేసియో ఆ బస్తాల కేసి చూస్తూ నిలబడ్డాడు. అతని చేతిలో గొట్టం ఇంకా కారుతూనే ఉంది. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను. ఈసారి నన్ను పొమ్మనలేదు.

ఒతీలియా


జిల్లా జైలు, మనిసాలెస్,
ఏప్రిల్ 20, 1997

అక్కా,

పావూలినా నీకు ఫోను చేసి చెప్పే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి కదా.

తీర్పు మొన్న వచ్చింది. నాకు రెండేళ్ళు. పదమూడు నెలలు ఇక్కడే గడిచాయి కాబట్టి మిగిలింది ఇంటి దగ్గర, వారం వారం ఊరి స్టేషన్లో సంతకంతో. లైసెన్సు ఐదేళ్ళు రద్దు. జడ్జీ గారు "అరిగిన టైర్లని తెలిసీ బండి తీసినందుకు" అని గట్టిగా చదివారు. తల వంచుకోలేదు. అది నా మాటే, నేను ఇచ్చిందే. యజమాని మీద కేసు పెట్టారు. కాంట్రాక్టరు ఈ వారంలోనే ఆ మలుపు తవ్వి పగిలిన రాయితో మళ్ళీ వేయాలి, విచారణకు కూడా రావాలి. అతివేగం అనే మాట కొట్టేశారు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. నిన్న నన్ను చూడ్డానికి ఆర్సేసియో వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే చెయ్యెత్తి ఆపాడు.

"దానికి రాలేదు. అది ఇవ్వగలనో లేదో నాకే తెలీదు. ఒక్కటి అడగాలి. ఆమె నీ వెనక సీట్లోనే కూర్చుంది. చివర్లో ఏమైనా అందా?"

ఏడాదిగా నేను ఎవరికీ చెప్పలేదు అక్కా, నీకు కూడా. బస్సు తిరుగుతున్నప్పుడు అందరూ అరిచారు. ఆమె అరవలేదు. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, బడి గదిలో అన్నట్టే గట్టిగా చెప్పింది: "తలలు కిందికి! ఒకళ్ళనొకళ్ళు పట్టుకోండి!" వెనక సీట్లలో ఆరుగురు పిల్లలున్నారు. ఆరుగురూ తలలు దించారు. నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే.

అదే చెప్పాను. ఆర్సేసియో బల్ల మీద చేతులు చూసుకుంటూ విన్నాడు. తర్వాత, "ఇంట్లో కూడా అలాగే చెప్పేది. రెండోసారి చెప్పించుకునేది కాదు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర ఆగి, "వచ్చేటప్పుడు స్వెటరు వేసుకో. పైన చలిగా ఉంది" అన్నాడు.

శుక్రవారం వదులుతారు. రోడ్డు పని అయ్యేదాకా బస్సులు పాత దారిన తిరుగుతాయట. సాయంత్రానికి వస్తాను.

ఎలియేసర్


లా నెబ్లీనా మలుపు,
ఏప్రిల్ 23

ఒరే,

శుక్రవారానికి ముందే అందుతుందో లేదో, అయినా రాస్తున్నాను. చెప్పకపోతే ఆగలేను.

నిన్న మలుపు తవ్వారు. డాన్ ప్రోస్పెరో కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి తట్టనీ చూస్తున్నాడు. ఒక్క గులకరాయి కనబడినా కర్రతో చూపిస్తున్నాడు. కూలీలు ఆయన్ని "పెద్ద ఇంజినీరు గారూ" అంటున్నారు. ముందు వెక్కిరింతకన్నారు, ఇప్పుడు నిజంగానే అడుగుతున్నారు.

కాంట్రాక్టరు మనిషొకడు కొత్తగా ఇనుప బోర్డు పాతాడు: "తడి రోడ్డు. డ్రైవర్లు జాగ్రత్త." దాని ముందు నిలబడి, "జాగ్రత్త పడాల్సింది డ్రైవర్లు ఒక్కళ్ళేనా?" అని అడిగాను. ఈ మలుపు బాగుచేస్తున్నాం కదమ్మా, ఇంకేం కావాలన్నాడు. ఇంకేం కావాలో చెప్పాను. ఈ మలుపు నుంచి కింద పెద్ద నది వంతెన దాకా పదకొండు కిలోమీటర్లు. అంతా అదే తారు, అవే గులకరాళ్ళు, అదే చేతివాటం. కోర్టు ఒక్క మలుపు గురించే రాసింది, ఎందుకంటే మనుషులు చచ్చింది ఇక్కడ. మిగతా చోట్ల చచ్చేదాకా ఆగుతారట! వాడు, "అంత రోడ్డూ కొలవడం ఎవరివల్ల అవుతుంది?" అని నవ్వాడు.

నవ్వనీ. కిలోమీటరుకు పది చోట్ల కొలవాలని జడ్జీ గారి గుమాస్తా చెప్పాడు. అంటే నూట పది వృత్తాలు. ఆర్సేసియో సెలవు రోజుల్లో వస్తానన్నాడు. మాట్లాడడట, రాసి పెడతాడట. అతని దస్తూరీ బాగుంటుంది.

శుక్రవారం సాయంత్రం కడుపునిండా తిను, ఒళ్ళు తెలియకుండా పడుకో. శనివారం పొద్దున ఆరింటికి లేపుతాను. నీకు లైసెన్సు లేదు గానీ కాళ్ళున్నాయి కదా. ఇసుక బస్తా నువ్వు మొయ్యి.

అక్క